కప్పను లెక్కపెడితే చాలదు

దక్షిణ అమెరికాలోని చిన్న విషకప్పలైన ఎపిపెడోబేట్స్ ప్రజాతి గురించి ఎవరు రాసినా ‘మార్ఫిన్ కంటే 200 రెట్లు బలమైన నొప్పిమందు’ అనే మాటతోనే మొదలుపెట్టడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. ఆ మాట అబద్ధం కాదు. 1974లో అమెరికా రసాయన శాస్త్రవేత్త జాన్ డేలీ ఈక్వడార్‌లో సేకరించిన కప్పల చర్మసారాన్ని ఎలుకకు ఎక్కించినప్పుడు, నల్లమందు ఎక్కినట్టుగా దాని తోక వీపు మీదికి వంగింది. నల్లమందుకు విరుగుడు ఇచ్చినా ఆ ప్రభావం తగ్గలేదు. తర్వాత 750 కప్పల చర్మాల నుంచి మిల్లీగ్రాముల లెక్కన దక్కిన సారంలో, నికోటిన్‌ను పోలిన ఎపిబాటిడిన్ అనే విషం నిర్మాణం తేలేసరికి 1992 వచ్చింది. నొప్పి తగ్గించే మోతాదు ప్రాణం తీసే మోతాదుకు మరీ దగ్గరగా ఉండడంతో అది మందు కాలేకపోయింది.

 

నన్ను ఆలోచింపజేసేది ఈ కథలో చాలామంది వదిలేసే భాగం. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కప్పల్లో ఈ విషం ఒక్క చుక్కైనా లేదు. విషకప్పలు విషాన్ని తామే తయారుచేసుకోవు, రాలిన ఆకుల కింద తిరిగే చీమలు, నేలలోని సన్నని నల్లుల (మైట్స్) వంటి చిన్న జీవులను తిని చర్మంలో నిల్వ చేసుకుంటాయి. ఎపిబాటిడిన్‌ను ఇచ్చే జీవి ఏదో ఇప్పటికీ తేలలేదు. కప్ప సొంత గొప్పతనం మరోచోట ఉంది: నాడీకణాల మీద విషం వచ్చి అతుక్కునే గ్రాహకంలో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడం వల్ల ఆ విషం దాన్ని ఏమీ చేయలేదని 2017లో తేలింది.

అందుకే ‘గాజుపెట్టెలో పెంచుతున్నాం, జాతికి భయం లేదు’ అనే వాదనను నేను ఒప్పుకోలేను. ఇక లాభం సంగతికొస్తే, దేశాల జీవసంపద వాడకంపై కుదిరిన అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందం 1993 డిసెంబరులో అమలులోకి రాకముందే కప్పలను పట్టుకెళ్లారు కాబట్టి, లాభంలో ఈక్వడార్‌కు వాటా ఇవ్వాలన్న నియమం వర్తించలేదు. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించుకున్న మనకు ఆ బాధ తెలియనిది కాదు. అయితే వాటాతోనే సమస్య తీరదు. ఎపిబాటిడిన్ దొరికిన కప్ప, ఎపిపెడోబేట్స్ ఆంథొనీ, కోకో, అరటి తోటల్లోనూ బతకగలదు. ఆ తోటల్లో పురుగుమందు కొట్టి నేలమీది చిన్న జీవులను తుడిచిపెడితే, కప్ప మాత్రం గణనలో పదిలంగానే కనిపిస్తుంది. ప్రకృతికి హక్కులున్నాయని 2008లో రాజ్యాంగంలోనే రాసుకున్న ఈక్వడార్ కప్పలతో పాటు ఆ ఆకుల కింది జీవులనూ లెక్కించి కాపాడాలని నేను కోరుతున్నాను.