చామనచాయకు లైటింగ్ పాత పుస్తకంలో నేర్చుకున్నాను

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పోర్ట్రెయిట్ లైటింగ్ మీద ఒక పాత పుస్తకం కొన్నప్పుడు, ఫిల్మ్ కాలం నాటి చదువుతో ఇప్పుడేం పని అని వెంట ఉన్న మిత్రుడు నవ్వాడు. వీడియోలు చూస్తే చాలునన్న ఆ వాదనతో నాకు అప్పుడూ పేచీయే, ఇప్పుడు మరీనూ. లైటు ఎక్కడ పెట్టాలో వీడియో చూపిస్తుంది గాని, అక్కడే ఎందుకు పెట్టాలో చెప్పే ఓపిక అందులో అరుదు.

ఇంట్లోని కొండపల్లి బొమ్మను బల్ల మీద నిలబెట్టి, ఒక్క టేబుల్ ల్యాంపుతో వారం రోజులు కుస్తీ పట్టాను. ముఖానికి పక్కగా సుమారు 45 డిగ్రీల కోణంలో, కాస్త ఎత్తున లైటు పెడితే నీడవైపు చెంప మీద, కంటి కింద చిన్న వెలుగు త్రిభుజం ఏర్పడుతుందని, దానిని రెంబ్రాంట్ అనే చిత్రకారుడి పేరుతో పిలుస్తారని చదివాను; ఆ బొమ్మకున్న బుల్లి ముక్కుతో దానిని రాబట్టడం మాత్రం నా వల్ల కాలేదు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రాన్ని ఇంటర్‌లో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, కాని లైటును ముఖానికి దగ్గరగా జరిపేకొద్దీ ముఖంతో పోలిస్తే వెనుక గోడ ఎందుకు చీకటవుతుందో ఆ బల్ల ముందే తెలిసింది.

ఆ పుస్తకంలోని మోడళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే. అయినా మన చామనచాయకు కావలసిన సూత్రం అందులోనే దొరికింది. ముదురు రంగు తన మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది కనుక, ముఖం తీరును చెప్పే భారం చాలావరకు చర్మం మీది మెరుపు మీదే పడుతుంది. అందుచేత లైటు పవర్ పెంచుకుంటూ పోవడం కాదు, సాఫ్ట్‌బాక్స్ వంటి వెడల్పాటి లైటును దగ్గరకు తెచ్చి, ఆ మెరుపు చెంప మీద, దవడ మీద మెత్తగా పరుచుకునేదాకా పక్కకు జరుపుతూ చూడాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పిన్ని కూతురి పెళ్లి ఆల్బమ్‌లో ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు. ముక్కుపుడక చుట్టూ చర్మం మైనంలా ఉంది. పిన్ని చూసి, "ఇది మా పిల్లేనా?" అంది. స్టూడియో అతనిని అడిగితే, అందరూ తెల్లగానే చేయమంటారండీ అన్నాడు. అందులో అబద్ధం లేదు, ఆ తప్పులో సగం మనదే. ఫిల్మ్ రోజుల్లో నెగెటివ్ మీద ముడత ఉన్నచోట సన్నని పెన్సిల్‌తో రుద్దేవారు. అక్కడ నెగెటివ్ దట్టమై, ప్రింటులో గీత పలచబడేది. ముడత తగ్గేది, ముఖం మాత్రం ఆ మనిషిదే. కంప్యూటర్‌లో, ఎంచుకున్న చోటును కాస్త వెలిగించే డాడ్జ్, కాస్త ముదురు చేసే బర్న్ అనే పరికరాలతో ఇప్పటికీ ఆ పని చేయవచ్చు; కాకపోతే ఒక్కో ముఖానికి అరగంట పడుతుంది.

తరువాత మా చెల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు నీడవైపుకు తిరిగి పడేలా రెండోవైపు తెల్లని థర్మోకోల్ షీట్ పెట్టి నేనే ఒక ఫోటో తీశాను. రెండు మొటిమలు తప్ప ఏమీ చెరపలేదు. పిన్ని దానిని హాల్లో పెట్టుకుంది గాని, ఎడమ చెవి కింద నీడ కాస్త దట్టమైంది. షీటును ఇంకో అడుగు ముందుకు జరపవలసింది.