ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్‌కు ఆయుష్షు ఎంత?

సెంట్రింగ్ కొట్టేశారు, ఇనుము కట్టేశారు, రేపు స్లాబు. ఈలోపు కోర్టు అమీనా వచ్చి ఇంజంక్షన్ ఆర్డర్, అంటే పని ఆపమనే ఉత్తర్వు, చేతిలో పెడతాడు. అవతలిపక్షాన్ని వినకుండా ఇస్తే అది ఎక్స్‌పార్టీ. ఇంటాయన ముందు అడిగే మాట, "మమ్మల్ని వినకుండానే ఎలా ఇచ్చారు?" కాస్త తేరుకున్నాక అడిగేది, "ఇది ఎన్నాళ్లుంటుంది?" మొదటిదానికి చట్టంలో జవాబు దొరుకుతుంది. తిప్పలన్నీ రెండోదానితోనే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ 3వ రూలు ప్రకారం ముందు అవతలివారికి నోటీసు ఇవ్వాలి. నోటీసిచ్చేలోపు అసలు ప్రయోజనమే దెబ్బతింటుందనుకుంటే, ఎందుకో కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. తెచ్చుకున్నవాడు వెంటనే పిటిషన్, అఫిడవిట్, దావా కాపీ, డాక్యుమెంట్లు ప్రతివాదికి పంపి, అదే రోజో మర్నాడో ఆ సంగతి కోర్టులో అఫిడవిట్‌గా వేయాలి. వేయకపోతే, ఆర్డర్ ఎత్తేయమని అడగడానికి ప్రతివాదికి అదే గట్టి పాయింట్.

తర్వాతిది 3ఎ రూలు. ఉత్తర్వు ఇచ్చిన 30 రోజుల్లో ఆ పిటిషన్‌ను తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలి, కుదరకపోతే కారణాలు రాయాలి. 31వ రోజున ఇంజంక్షన్ దానంతటదే పోతుందా? పోదు. 30 రోజులు దాటినా కోర్టు తేల్చకపోతే ప్రతివాది అప్పీలుకు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2000లో వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో చెప్పింది. అంటే వినిపించుకోని కోర్టు మీద ఇంకో కోర్టుకు వెళ్లడం, మళ్లీ వకీలు ఫీజు.

హైకోర్టు రిట్లలో, అంటే ప్రభుత్వ చర్యల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్లలో, కథ వేరు. రాజ్యాంగం 226(3) ప్రకారం, కాపీలు ఇవ్వకుండా, వినకుండా మధ్యంతర ఉత్తర్వు ఇస్తే అవతలివారు దాన్ని ఎత్తేయమని వెకేట్ పిటిషన్ వేయొచ్చు. అది కోర్టుకు అందిన రోజు, ఎదుటివారికి కాపీ ఇచ్చిన రోజు, ఈ రెండిట్లో ఏది తర్వాతిదైతే అప్పటినుంచి రెండు వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే ఉత్తర్వు రద్దయినట్టేనని స్పష్టంగా రాసి ఉంది. అయినా అది తప్పనిసరా, కేవలం సూచనా అన్నదానిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. పైగా వెకేట్ పిటిషన్ వేసేదాకా ఆ రెండు వారాల లెక్క మొదలే కాదు.

2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్, సివిల్, క్రిమినల్ కేసుల విచారణపై ఇచ్చిన స్టేలు పొడిగించకపోతే ఆరు నెలల్లో ముగుస్తాయంది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ఇరుపక్షాలనూ విని ఇచ్చిన స్టే, కోర్టుకు తీరిక లేదన్న కారణంతో పోతే తెచ్చుకున్నవాడికి అన్యాయమే. ఆ తీర్పు సబబే. 2018 నాటి పొరపాటు విని ఇచ్చిన స్టేకూ, వినకుండా ఇచ్చినదానికీ ఒకే గడువు పెట్టడం. ఎక్స్‌పార్టీ ఉత్తర్వులను హైకోర్టులు మామూలుగా కొద్దికాలానికే ఇస్తాయని 2024 తీర్పు కూడా గుర్తుచేసింది.

ఆ కొద్దికాలం కింది కోర్టుల్లో ఎలా సాగుతుందో చూడండి. డాకెట్‌లో, అంటే ప్రతి వాయిదాకు కోర్టు రాసుకునే నమోదులో, "ఫలానా తేదీ వరకు" అని ఉంటే, ఆ వాయిదాకు పొడిగించకపోతే ఉత్తర్వు అక్కడితో సరి. "తదుపరి ఉత్తర్వుల వరకు" అని ఉంటే ఎవరూ కదిలించకుండానే నడుస్తుంది. తేదీ ఉన్నా, ప్రతివాది తన జవాబుకు, అంటే కౌంటర్‌కు, టైం అడిగారనో, జడ్జి లీవనో వాయిదా పడుతూ "ఇంటెరిం ఎక్స్‌టెండెడ్" (మధ్యంతర ఉత్తర్వు పొడిగింపు) అన్న ముక్క పడుతుంది. ఎందుకు పొడిగించారో ఉండదు. కౌంటర్ వేయకుండా వాయిదాలు అడిగే ప్రతివాదులూ ఉంటారు, ఆ జాప్యాన్ని వాది నెత్తిన వేయలేం. కానీ కౌంటర్ పడ్డాక కూడా వాది వకీలే టైం అడుగుతుంటే ఆ ఇంజంక్షన్‌ను ఎందుకు మోయాలి? అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నోటీసు లేకుండా ఇచ్చే నిలుపుదల 14 రోజులకు మించకూడదు. పొడిగించాలంటే తగిన కారణం చూపాలి, లేదా అవతలివాళ్లు ఒప్పుకోవాలి.

ఇక్కడా 3ఎ రూలులోని "ప్రయత్నించాలి" అన్నది తీసేసి, 30 రోజుల తర్వాత కారణాలు రాస్తేనే ఉత్తర్వు నిలుస్తుందని మార్చాలి. అది పార్లమెంటు పని. ఈలోపు గొడవ వస్తుందని ముందే పసిగట్టినవాళ్లు, మమ్మల్ని వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టును కోరే కేవియట్ వేసుకోవడం మేలు. దానికి 90 రోజుల ఆయుష్షు, అయిపోతే మళ్లీ వేసుకోవాలి.