కిరీటం ఒక్కటే చూస్తే చాలదు, వెనక్కి తిప్పండి

పాత సైనిక బ్యాడ్జీల్లో అసలువేవో నకిలీవేవో గుర్తించడం గురించి వచ్చిన వ్యాసంలో, అల్ట్రావయొలెట్ లైటు కింద దారం మెరిస్తే ర్యాంకు (హోదా) బ్యాడ్జీ నకిలీదేనని తేల్చేశారు, అంత తొందర వద్దండీ. దారాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే పెరిగిన మాట నిజం, కానీ అసలైన పాత బట్టను ఎవరో ఈమధ్య డిటర్జెంటులో ఉతికినా అదీ మెరుస్తుంది. నా దగ్గరున్న ఒక చేతి పట్టీ అలాగే నీలంగా వెలిగి నన్ను టెన్షన్ పెట్టింది, తీరా వెనక్కి తిప్పి చూస్తే ఉన్ని బట్ట, కుట్టు విప్పిన సూది రంధ్రాలు, మడత లోపల వెలవని ముదురు రంగు. బయట వెలిసి లోపల వెలవకపోవడం నకిలీ చేసేవాళ్లకు అంత తేలిగ్గా కుదరదు.

బ్రిటిష్ బ్యాడ్జీల మీదుండే కిరీటం బొమ్మ విషయంలోనూ ఒక మెలిక ఉంది. పైవంపులు గుండ్రంగా లేచి ఉన్న ట్యూడర్ కిరీటమైతే 1901 నుంచి 1952 మధ్యదనీ, నడుమ నొక్కుకుపోయినట్టుంటే ఎలిజబెత్ రాణి కాలందనీ చెప్పేవాళ్లం, ఇప్పుడు చార్లెస్ రాజు మళ్లీ ట్యూడర్ ఆకారాన్నే తెచ్చారు కాబట్టి కొత్త సరుకును పాతదని అంటగట్టే వీలు దొరికింది. ఆ తంటా మన సైన్యం బ్యాడ్జీలకు లేదు, 1950 తర్వాత మేజర్ భుజం మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

ఇంకోటి, ఇత్తడి బ్యాడ్జీని దయచేసి తోమకండి, సందుల్లోని ఆ నలుపు కూడా సాక్ష్యమే.