సవరణ: వాణిజ్య భవనాల లైటింగ్ సర్క్యూట్ల వోల్టేజీ పరిమితి

అమెరికాలో లైటింగ్ సర్క్యూట్లు ఎక్కడైనా 120 వోల్టులు దాటకూడదని ఇంతకుముందు రాశాను, అది పొరపాటు. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోని 210.6 నిబంధన ఆ పరిమితిని ప్రధానంగా నివాసాలకు, హోటళ్ల అతిథి గదులకు విధిస్తుంది. కార్యాలయాలు, దుకాణాల వంటి చోట్ల, ధ్రువీకరణ పొందిన ఎల్‌ఈడీ లేదా డిశ్చార్జ్ దీపాలకు (ట్యూబ్‌లైట్ల వంటి, వాయువు గుండా విద్యుత్తు ప్రవహించి వెలిగేవాటికి), భూమితో పోల్చినప్పుడు 277 వోల్టులు మించని సర్క్యూట్లను అనుమతిస్తుంది. ఫేజుల మధ్య 480 వోల్టులుండే త్రీఫేజ్ వ్యవస్థలో ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య లభించేది ఈ 277 వోల్టులే కనుక, ఆ అంకె యాదృచ్ఛికం కాదు. నేను గందరగోళపడింది ఇక్కడే: పరిమితిని భూమితో పోల్చి చెప్పారా, రెండు తీగల మధ్య చెప్పారా అన్నది చూడలేదు. సాధారణ స్క్రూ హోల్డర్లకు మాత్రం ఈ సడలింపు నేరుగా వర్తించదు.