మడి చెడగొట్టిన లాలాజలం గారికి

మహారాజశ్రీ లాలాజలం గారికి,

తిరుపతి నుంచి తమరు కాపురముంటున్న నోటి యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. పంటి సిమెంటు మాత్రం క్షేమంగా లేదు.

పోయిన నెల కింది దవడ పన్నుకి పన్ను రంగు సిమెంటు పెట్టించుకున్న సంగతి తమరికి తెలుసు. అక్కడే ఉన్నారుగా. ఇరవై రోజులైనా కాలేదు, మా బావమరిది కొండ మీంచి తెచ్చిన లడ్డూలో కలకండ పలుకు తగిలి అది పెచ్చులా ఊడి నాలుక మీదికొచ్చింది. కలకండని తిట్టుకున్నాను. గోవిందా, తప్పు దానిది కాదట.

ఇంకో డాక్టరమ్మ దగ్గరికెళ్తే విషయం చెప్పింది. పంటికీ మడి ఉంటుందండీ. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పూసి, పావు నిమిషం ఆగి, కడిగి ఆరబెడితే పంటి పైపొర ఎనామిల్ సుద్దముక్కలా తెల్లబడి, కంటికి కనపడని గుంటలు పడతాయి. ఆపైన పూసిన బాండు, అంటే సిమెంటుని పంటికి పట్టించే జిగురు, ఆ గుంటల్లోకి దిగి, నీలం లైటు పడగానే వేళ్లు తన్నినట్టు బిగుసుకుంటుంది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా డాక్టరు చూపించిన దారి ఇది.

సరిగ్గా ఆ ఘడియలోనే తమరు వేంచేస్తారు.

ఆ రోజు నాకింకా గుర్తుంది. మొదటి డాక్టరు గారు జెల్ కడిగి ఆరబెట్టారు, ఫోన్ మోగింది. బుగ్గలో దూది నాని ముద్దయింది. కిటికీలోంచి ఎవరింట్లోదో పులిహోర పోపు వాసన. తమరు పొంగారు. ఆయన తిరిగొచ్చి తుస్సుమని గాలి కొట్టి, "ఏం కాదులే" అని సిమెంటు పెట్టేశారు. తమరిలో 99 శాతం నీళ్లే, అవి గాలికి పోతాయి. మిగిలిన పిసరంతలోని ప్రొటీన్లు మాత్రం గుంటల్లో పొర కడతాయి, ఇక బాండుకి పట్టు దొరకదు. మడి కట్టుకున్న మా అమ్మమ్మని ముట్టుకుంటే తుడుచుకుని ఊరుకునేదా? మళ్లీ స్నానమే. పంటికైనా అంతే, మళ్లీ యాసిడే.

ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొరకి కాస్త చెమ్మ ఉండాలని, మరీ ఎండబెడితే అందులోని కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు చతికిలబడతాయని కూడా ఆవిడే చెప్పింది. మురిసిపోకండి. ఆ చెమ్మ శుభ్రమైన నీళ్లది, తమరిది కాదు.

ఈసారి తమరికి ఆనకట్ట కట్టించాను. రబ్బర్ డ్యాం. 1864లోనే న్యూయార్కులో బార్నమ్ అనే దంతవైద్యుడు కనిపెట్టాడు, మా కల్యాణి డ్యాం కంటే వందేళ్లు పాతది. పచ్చ రబ్బరు గుడ్డ, దానికో చిల్లు, చిల్లులోంచి తల ఎత్తిన నా పన్ను ఒక్కటే. తమరు వెనకాల ఎంత ఎగిసిపడ్డా గడ్డం మీదికి కారడం తప్ప ఏం చెయ్యలేకపోయారు. మా ఆవిడ మాత్రం, "నోటికి అడ్డుకట్ట ఇన్నాళ్లకు దొరికింది" అని ఫోటో తీసి గ్రూపులో పెట్టింది.

డబ్బాలో ఇంకో లడ్డూ ఉంది.

ఇట్లు,
రెండుసార్లు ఫీజు కట్టినవాడు

తా.క.: ఈ కవరు అంటించింది తమరితోనే. ఇక్కడ మాత్రం బాగా పట్టింది.