సవరణ: మార్స్ మట్టిలో ఖనిజాలను కనిపెట్టింది లేజర్ కాదు

మార్స్ మీద తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ లేజర్ కొట్టి మార్స్ మట్టిలో ఏయే ఖనిజాలున్నాయో చెప్పేసిందని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు రాశాను, క్షమించండి. రోవర్‌లో లేజర్ ఉన్న పరికరం కెమ్‌క్యామ్, అది చెప్పేది మూలకాల సంగతి. రాయి మీద చిన్న మెరుపు పుట్టించి, ఆ వెలుగులోని రంగులను బట్టి సిలికాన్ ఉందా, ఇనుము ఉందా అని చూస్తుంది, అంతే.

మూలకాలు తెలిస్తే ఖనిజం తెలిసిపోయినట్టు కాదు. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే కదా, పరమాణువుల అమరిక వేరు. ఆ అమరికను చూసేది కెమిన్ అనే వేరే పరికరం. 2012 అక్టోబర్‌లో రోవర్ దిగిన గేల్ క్రేటర్ అనే పెద్ద గుంటలో, రాక్‌నెస్ట్ అనే చోట ఇసుక తవ్వి, 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటర్ల) జల్లెడ పట్టి, ఆ చిటికెడు పొడిని కెమిన్‌లోని చిన్న అరలో పోసి, రేణువులు అన్ని వైపులకూ తిరిగేలా దాన్ని గడగడా వణికిస్తూ ఎక్స్‌రేలు పంపారు. స్ఫటికాల్లోని అమరికను బట్టి ఎక్స్‌రేలు వలయాలుగా చెదురుతాయి, ఆ వలయాలను చూసి ఖనిజాన్ని గుర్తుపడతారు. దీన్నే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ అంటారు, ఇంకో గ్రహం మీద అది చేయడం అదే మొదటిసారి. ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్, ఆలివిన్ అనే ఖనిజాలు కనిపించాయి, హవాయి అగ్నిపర్వతాల మట్టిలో ఉన్నట్టే.

ఇంకో చిన్న తప్పు కూడా ఉంది. మట్టి మొత్తం ఏమిటో తేలిపోయినట్టు రాశాను. అందులో చెప్పుకోదగ్గ భాగానికి అసలు స్ఫటిక రూపమే లేదు, గాజులాంటి పదార్థం. దాని నుంచి పదునైన వలయాలు రావు, మసకగా ఒక ఉబ్బు మాత్రమే వస్తుంది, కాబట్టి ఇది ఫలానా ఖనిజం అని పేరు పెట్టడం కుదరదు. పాత పోస్టులో ఆ రెండు పేరాలూ మార్చేశాను.