కోనకు పోయిన ఫ్లెక్సీ

శేషాచలం కోనల్లో గుంపుగా నడవడానికి ముఖ్యంగా కావలసింది బూట్లు కాదు, చేతికర్ర కాదు, మనిషికి మూడు లీటర్ల నీళ్లు అసలే కాదు. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు ఫ్లెక్సీ. అది లేకుండా వంక దాటితే దాటినట్టు లెక్క కాదని మన తిరుపతి నడక బృందాలన్నీ ఒక్క మాట మీద ఉన్నట్టున్నాయి.

తలకోన జలపాతం 270 అడుగులు. దాని ముందు పట్టే ఫ్లెక్సీలో నిర్వాహకుడి తలకాయే అడుగున్నర. కింద సహ నిర్వాహకులు, గౌరవ సలహాదారులు, అల్పాహార దాతలు పాస్‌పోర్టు సైజులో వరసగా ఉంటారు. జలపాతం పాపం ఎడమ మూలన, ‘ప్రకృతి ఒడిలో’ అన్న అక్షరాల వెనక నక్కి ఉంటుంది.

ఫొటో తీసే క్రతువు చూడాలి. నలుగురు నాలుగు మూలలు పట్టుకుని పాచిబండ ఎక్కుతారు. గాలొస్తే ఫ్లెక్సీ తెరచాప అవుతుంది, నలుగురూ ఒకవైపే ఊగుతారు. కొండచిలువలా చుట్టుకుని తెచ్చింది గనుక కింది అంచు పైకి ముడుచుకుని దాతల ముఖాలు మాయమవుతాయి. దాతలు అలుగుతారు. అంచు మీద రాళ్లు పెడతారు. ఫొటో తీసేవాడు “ఇంకొంచెం వెనక్కి” అంటూ తానే వెనక్కి నడిచి మడుగులో కాలేస్తాడు. ఇంతలో వెనకబడిన ఏడుగురు చేరుకుంటారు, మళ్లీ మొదలు. ముప్పావు గంట!

ఆ ముప్పావు గంట ఎక్కడి నుంచి వస్తుంది? తిరుగు ప్రయాణం నుంచి. ఒంటిగంటకు వెనుదిరగాలని పొద్దున అనుకున్న గుంపు, రెండున్నరకు పులిహోర పొట్లాలు విప్పుతుంది. కోనలో రెండు పక్కలా కొండే కాబట్టి ఊళ్లో కంటే ముందే మసక పడుతుందన్న సంగతి ఫ్లెక్సీ మీద అచ్చు వేయలేదు మరి.

ముందొకడు, చివరొకడు దారి తెలిసినవాళ్లు ఉండాలి. మొదటివాణ్ణి ఎవరూ దాటకూడదు, చివరివాడి వెనక ఎవరూ మిగలకూడదు. వంక దాటిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి. నీళ్లు మోకాలు దాటితే దిగనే కూడదు. దిగితే బూట్లు విప్పకుండా, సంచి నడుంపట్టీ మాత్రం విప్పేసి దిగాలి. జారిపడితే సంచి వదిలించుకోగలగాలి గదా. ఇవన్నీ గైడు చెబుతూనే ఉంటాడు. పక్క పల్లె మనిషి, పేరు అడిగినవాడుండడు. “ఏయ్, పక్కకు జరుగు, ఫ్రేములోకి వస్తున్నావ్” అంటారు.

అదే మనిషి, “సార్, నీళ్లు ఎర్రబడతా ఉండాయి, పైకెక్కేద్దాం రండి” అంటాడు. తలమీద ఎండ కాస్తూనే ఉంటుంది, ఎవరూ కదలరు. వాన పడింది ఇక్కడ కాదయ్యా, కొండమీద! బండ నీళ్లు తాగదు, పడిందంతా ఇరుకు కోనలోకి దూకుతుంది. తేటనీళ్లు మట్టిరంగు తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే ఫొటోకు నవ్వే టైము కాదది. 2021 నవంబరు వానలకు తిరుమల కొండెక్కే శ్రీవారి మెట్టు దారే పాడై నెలల తరబడి మూతపడింది. రాతిమెట్లనే వదలని నీళ్లు మీ సహ నిర్వాహకుణ్ణి వదులుతాయా? రేపు ఒకడు కొట్టుకుపోతే “గైడు సరిగ్గా చెప్పలేదు” అనడానికి మాత్రం నోళ్లు రెడీగా ఉంటాయి. సిగ్గుండాలి.

పోతూపోతూ ఆ ఫ్లెక్సీని బైండింగు వైరుతో చెట్టుకు బిగించి పోయే పుణ్యాత్ములూ ఉన్నారు. మాను లావయ్యేకొద్దీ ఆ తీగ బెరడులోకి దిగుతుంది. ఎర్రచందనం దొంగను పట్టుకోవడానికి టాస్క్‌ఫోర్సు ఉంది. చెట్టు మెడకు ఉరేసినవాడికి సామాజిక మాధ్యమాల్లో లైకులు.

వైరు విప్పేది మళ్లీ ఆ గైడే. ఫ్లెక్సీ చుట్టి ఇంటికి పట్టుకుపోతాడు. నిర్వాహకుడి ముఖం కిందికొచ్చేలా వాకిట్లో బోర్లా పరిచి, మీద శెనక్కాయలు ఆరబోస్తాడు.